చిన్నబాపు కూర్చున్న కుడివైపు సీటు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, ఆఫీసులో కూర్చుని, గుద్దుకున్న లారీ ఫొటోలు చూస్తుంటే చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నబాపు లేస్తలేడు బిడ్డా" అంది. చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, కొట్టం గుమ్మంలో గోడకు ఒరిగాడట. కునుకు తీస్తున్నాడనుకుని ఆమె పావుగంట సేపు లేపనే లేదు. నేను ఆబిడ్స్ నుంచి గౌలిపురా చేరేసరికి మా సందులో ఇసుక వేస్తే రాలనంత జనం ఉన్నారు.

చిన్నబాపు అంటే మా నాన్న తమ్ముడు. మాది పాల వ్యాపారం చేసుకునే ఇల్లు. నాన్న బర్రెలను చూసుకునేవాడు. చిన్నబాపు మాత్రం సర్కారు కార్ఖానాలో రేకు పని చేసి రిటైరయ్యాడు. నాన్న పోయాక బర్రెలను అమ్మేశాం, కొట్టం ఖాళీ అయింది. దాన్ని ఏం చేద్దామని ఇంట్లో లొల్లి నడుస్తుండగానే ఆయన పేడ వాసన పోయేదాకా నేల కడిగి, గోడలకు సున్నం వేసి, మధ్యలో పొడవాటి బల్ల ఒకటి వేశాడు. ఏం చేస్తున్నావని అడిగితే విమానం అన్నాడు. చిన్నమ్మ నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఆగేసరికి పదకొండేళ్ళు పట్టింది.

ఇద్దరు పక్కపక్కన కూర్చునే చిన్న విమానం అది. కర్ర, గుడ్డ, కొంత ఇనుప గొట్టం. నక్షాలు విదేశం నుంచి తెప్పించుకున్నాడు. ఇంజను మాత్రం కొన్నది. మిగతాదంతా ఆయన చేతిపనే. ఏ రోజు ఏ పని చేశాడో లాగ్‌బుక్కులో రాసి పెట్టేవాడు. ఇంట్లో చేసుకునే విమానానికి ఇన్ని అనుమతులు, ఇన్ని తనిఖీలు ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. తనిఖీకి వచ్చిన అధికారి మొదటిసారి మా సందు చూసి, చిరునామా తప్పనుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. చిన్నబాపు చార్మినార్ దాకా పరుగెత్తి ఆయన్ను పట్టుకొచ్చాడు.

బిగించిన ప్రతి బోల్టు మీదా ఆయన ఎర్రటి గీత గీసేవాడు. సగం బోల్టు మీద, సగం అది కూర్చున్న చోటు మీద. బోల్టు వదులై కొంచెం తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది, చూడగానే తెలిసిపోతుంది. దానికి ప్రత్యేకమైన రంగు దొరుకుతుంది కానీ ఆయన వాడింది చిన్నమ్మ గోళ్ళ రంగు. నా పెళ్ళికని బేగంబజార్‌లో కొనుక్కున్న సీసా. ఆమె ఒక్కసారి పెట్టుకుంది, ఆ మర్నాటి నుంచే సీసా కొట్టంలో తేలింది. అది అయిపోయాక ఏటా ఇంకొకటి తెచ్చేవాడు, అదే ఎరుపు. షాపులో ఆడపిల్లలు నవ్వుకునేవాళ్ళట. "నా బోల్టులకు అమ్మా" అని చెప్తే ఇంకా నవ్వేవాళ్ళట.

ఈ పిచ్చి ఇల్లంతా పాకింది. సీలింగ్ ఫ్యానుకు గీత, నీళ్ళ మోటారుకు గీత, గ్యాసు పొయ్యి గొట్టానికి గీత. మా ఇంటికి భోజనానికి వస్తే కూర్చునే ముందు కుర్చీని తలకిందులు చేసి చూసేవాడు. మా ఆయనకు మొదట్లో ఇది అవమానంగా ఉండేది. తర్వాత తర్వాత చిన్నబాపు వస్తున్నాడంటే తనే స్క్రూడ్రైవరు వెతికి పెట్టేవాడు.

రెక్కలకు గుడ్డ కుట్టడానికి చిన్నబాపు పక్క గల్లీలో పరుపులు కుట్టే భాయ్‌ని పిలిచాడు. రెక్కలో కర్ర పట్టీలు పక్కటెముకల్లా ఉంటాయి. వాటి మీద గుడ్డ పరిచి, పైనుంచి కిందికి దారం దూర్చి ప్రతి పట్టీకీ కుట్టాలి. అంత పొడవు సూది ఆయన దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. భాయ్ రెండు రోజులు కూర్చుని ఒక రెక్క పూర్తిచేశాడు. మేము వెళ్ళి చూస్తే రెక్క మొత్తం మెత్తటి పరుపులా గుంటలు గుంటలుగా ఉంది. పాపం ఆయన చేతికి తెలిసిన పని అదే. పట్టీ దగ్గర ఆగాల్సిన దారాన్ని అలవాటు కొద్దీ లోపలికి గుంజి ముడివేశాడు.

భాయ్ ముఖం వాడిపోయింది. చిన్నబాపు రెక్క చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో నిమిరి, ఆయన పక్కనే కూలబడ్డాడు.

"ఇది సుత పరుపే భాయ్. కాకపోతే గాలి పండుకునే పరుపు. గుంటలు పడితే దానికి నిద్ర పట్టదు."

"మళ్ళ కుడ్త సేఠ్. ఫికర్ చెయ్యకు" అన్నాడు భాయ్. ఇద్దరూ కలిసి ఆ కుట్లన్నీ విప్పారు. రెండోసారి కుట్టిన రెక్కను చూసి, అధికారి వేలితో తట్టి, ఎవరు కుట్టారని మెచ్చుకోలుగా అడిగాడు. భాయ్ ఆ మాటను ఇప్పటికీ చెప్పుకుంటాడు. సీట్లకు రెక్సిన్ కూడా ఆయనే కుట్టాడు, అందులో గుంటలు పడినా ఎవరికీ అభ్యంతరం లేదు.

రెక్కలు ఊడదీసి డీసీఎం బండికి ఎక్కించిన రోజున సందు సందంతా మిద్దెలెక్కింది. బోనాల ఊరేగింపుకు ఈసారి కొత్త సెట్టింగా అని ఎవరో అడిగారు. చిన్నబాపు అవునన్నట్టు తలూపాడు. విడమరచి చెప్పే ఓపిక ఆయనకు ఆ రోజు లేదు. ఊరి బయట గంటన్నర దూరంలో ఒక ప్రైవేటు రన్‌వే ఉంది. విమానం అక్కడి షెడ్డుకు చేరింది. రిటైరైన కొత్తలో ఆయన విమానం నడపడం నేర్చుకున్నదీ అక్కడే, ఒక సారు దగ్గర. ఇక మిగిలింది బీమా. అది లేనిదే చక్రం కదలడానికి వీల్లేదు. బీమా ఆఫీసులో పనిచేసేది నేను.

ఇక్కడి నుంచి చెప్పడం నాకు కష్టం.

అంతకు నెల ముందు ఒక మధ్యాహ్నం కొట్టంలో నిచ్చెన మీద నిలబడి ఉన్న చిన్నబాపు ఉన్నట్టుండి జారి కింద పడ్డాడు. కళ్ళు మూతపడ్డాయి. పిలిస్తే పలకలేదు. నీళ్ళు చల్లాక, కాసేపటికి, నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. ఎండ దెబ్బ అన్నాడు, చిన్నమ్మకు చెప్పొద్దన్నాడు. చూసినదాన్ని నేనొక్కదాన్నే. నేను చెప్పలేదు.

బీమా ఫారం నింపడానికి కొట్టంలోనే కూర్చున్నాం, ఆయన పాత పాల క్యాను మీద, నేను బల్ల దగ్గర. విమానం ఎవరు కట్టారు, ఎక్కడ ఉంచుతారు, ఎవరు నడుపుతారు. నడిపేవారి గడిలో ఆయన పేరు రాస్తుంటే ఒక్కొక్క అక్షరం పలుకుతూ చూశాడు, బడిలో చేరిన పిల్లవాడిలా. తర్వాతి ప్రశ్న: నడిపే వ్యక్తి ఈ మధ్య కాలంలో ఎప్పుడైనా స్పృహ తప్పారా?

నా కలం ఆగింది. మా వృత్తిలో మనుషుల మాట మీద నమ్మకం తక్కువ. స్పృహ తప్పినవాళ్ళంతా ఈ గడిలో లేదనే రాస్తారు, ఆ సంగతి మాకూ తెలుసు. నేను లేదని రాస్తే ఆయన ఎగురుతాడు. రాయకపోతే పదకొండేళ్ళూ ఆ షెడ్డులోనే ఉండిపోతాయి. ఏం రాయమంటావని అడిగాను. ఆయన నా వైపు చూడలేదు.

"లాగ్‌బుక్కుల ఏం రాస్తం బిడ్డా? అయినదే రాస్తం. నువ్వు ఏం జూసినవో అది రాయ్."

లేచి చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళాడు. ఆ చేతులకు మురికేం లేదు. నేను అవునని రాశాను. ఆయన వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, జేబులోంచి గోళ్ళ రంగు సీసా తీశాడు. నేను రాసిన మాట మీద నుంచి, కింద ఫారం నింపినవారి చోట ఉన్న నా సంతకం దాకా సన్నగా ఒక గీత గీశాడు. "బిగిసింది" అన్నాడు.

మూడో రోజు ఆ ఫారం మా పై ఆఫీసు నుంచి తిరిగొచ్చింది, ఈ ఎర్ర మరక ఏమిటి, శుభ్రంగా నింపి పంపండి అంటూ. అంటే రెండోసారి రాయాలి. ఈసారి ఆయన పక్కన లేడు. ఆఫీసులో నేను, నా కలం. పాఠకులకు నిజమే చెప్తాను, ఆ గడి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. చివరికి అవుననే రాశాను కానీ, అది నీతితో రాశానో, చిన్నబాపుకు దొరికిపోతానన్న భయంతో రాశానో నాకు ఇప్పటికీ తెలియదు. గీత ఉన్న పాత కాగితం నా దగ్గరే మిగిలింది.

వాళ్ళు మళ్ళీ వైద్య పరీక్ష అడిగారు. చిన్నబాపు నడపడానికి డాక్టరు ఒప్పుకోలేదు. చివరికి బీమా వచ్చింది, ఒక షరతుతో. నడపడానికి సారు ఒక్కరికే అధికారం. విమానం కట్టినాయన పక్క సీటులో కూర్చోవచ్చు.

చిన్నబాపు ఆ కాగితం రెండుసార్లు చదివి మడిచి పెట్టాడు. నామీద కోపం ఉందేమోనని నెల రోజులు ఆయన ముఖంలో వెతికాను. కనబడలేదు. ప్రతి ఆదివారం అఫ్జల్‌గంజ్ దాకా నడిచి, అక్కడ బస్సెక్కి షెడ్డుకు పోయేవాడు. విమానం ముక్కుకున్న చెక్క ఫ్యాను రెక్కను అరచేత్తో ఈ కొస నుంచి ఆ కొసకు నిమిరి పగుళ్ళు వెతికేవాడు. గీతలన్నీ ఒక్కొక్కటే చూసేవాడు. ఎగరడానికి ముందు ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి పట్టి, వెలుగుకు ఎత్తి, నీళ్ళ బొట్టు ఏమైనా ఉందా అని చూసేవాడు. ఒకసారి నేను వెంట వెళ్ళినప్పుడు ఆ సీసా నా కళ్ళ ముందు పెట్టాడు.

"పాలల్ల నీళ్ళు కలిస్తే గిరాకీ తిడతడు. ఇంజను తిట్టది బిడ్డా, ఆగిపోతది. గందుకే మనమే చూసుకోవాలె."

పని చేశాకే లాగ్‌బుక్కులో రాసేవాడు. ముందు రాసి పెట్టుకుంటే సమయం కలిసొస్తుంది కదా అంటే, "రాసినంక చేస్తమంటే నడవది" అనేవాడు. మూడేళ్ళు అలాగే గడిచాయి. సారు నడిపేవాడు, ఆయన కుడివైపు కూర్చునేవాడు. దిగాక ముఖం వెలిగిపోయేది. మీరాలం చెరువు దూరంగా పళ్ళెంలా కనబడిందని, మన సందు మాత్రం దొరకలేదని చెప్పేవాడు. ఆ ముఖం చూసి, పోనీలే, ఆయనకు ఇదే చాలేమో అని నేను అనుకున్నాను. అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

చిన్నబాపు పోయిన పదో రోజున సారు ఇంటికొచ్చాడు. భోజనం చేశాక చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నానన్నాడు. పైకి వెళ్ళినప్పుడల్లా, గాలి నిలకడగా ఉన్నప్పుడు, కాసేపు నడిపే కర్ర పట్టుకోమని చిన్నబాపును అడిగేవాడట. కుడివైపు సీటు ముందు కూడా ఒక కర్ర ఉంటుంది. పక్కన నేనున్నాను, ఏం కాదు, ఎవరు చూస్తారు అనేవాడట.

"ఒక్కసారి కూడా పట్టుకోలేదు మేడమ్. ఏమనేవాడో తెలుసా? 'వద్దు సార్, కాయితంల నా పేరు లేదు. అది మా బిడ్డ రాసిన కాయితం' అనేవాడు."

నేను కొట్టంలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. పదకొండేళ్ళు కట్టి, మూడేళ్ళు కాపాడి, ఆయన తన విమానాన్ని గాలిలో ఒక్క నిమిషం కూడా నడపలేదు. నేను రాసిన ఒక్క మాట కోసం. ఆ మాట తప్పు కాదని నాకు తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు. అయినా నాకు ఆయన కావాలి. తిట్టడానికైనా ఒకసారి రావాలి. నిమిషం పట్టుకుంటే ఏమయ్యేది చిన్నబాపూ అని అడగాలని ఉంది. ఏం చెప్తాడో తెలుసు, అయినా అడగాలని ఉంది.

పోయిన ఆదివారం పరుపుల భాయ్‌ని వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. బీమా గడువు దగ్గరపడింది. కొత్త ఫారంలో విమానాన్ని చూసుకునేది ఎవరు అన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది. భాయ్ రెక్కల మీద తన కుట్లు వేలితో తడుముతూ ఒక్కొక్కటే చూశాడు. నేను బోల్టుల మీద గీతలు చూశాను. ఒక్కటీ చెదరలేదు.

తర్వాత కుడివైపు తలుపు తీశాను. సీటు నడుమంతా కొత్తదానిలా మెరుస్తోంది. ముందంచు మాత్రం, తొడలకు అటూ ఇటూ, రెండు చోట్ల నలిగి, రెక్సిన్ పగిలి, లోపలి దూది కనబడుతోంది. భాయ్ వంగి చూసి, అంత గట్టి రెక్సిన్ గిట్ల ఎట్ల చినిగిందని ఆశ్చర్యపోయాడు. కొత్తది కుట్టనా బేటీ అని అడిగాడు. వద్దన్నాను.

ఎక్కి కూర్చున్నాను. నడిపే కర్ర మోకాళ్ళ మధ్య, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా ఉంది. ఆ రెండు చోట్లా నా చేతులు పెట్టి పట్టుకున్నాను. చిన్నబాపు చేతులు నా చేతులకంటే పెద్దవి. రెండు పక్కలా ఇంకా వేలెడు చోటు మిగిలింది.