పిలవని నాలుగో పేరు

మా లైన్‌మన్ అన్న పేరు ఆవలింత. మారుపేరు కాదు, వెటకారం కాదు, పుట్టినప్పుడు పెట్టిన పేరే. అందరు పిల్లలూ పుట్టగానే ఏడుస్తారు. ఈయన కిమ్మనకుండా పడుకుని, కాసేపయ్యాక నోరంతా తెరిచి ఆవలించాడట. బిడ్డ దక్కడేమోనని బిక్కచచ్చిపోయి ఉన్న తాత అది చూసి, పట్టలేని సంతోషంలో అదే పేరు ఖాయం చేశాడు. తాత మాటంటే ఆ ఇంట్లో శిలాశాసనం.

తాతకేం, పెట్టి పోయాడు. మోసేవాడికి కదా బరువు తెలిసేది. బడిలో పంతులు "అసలు పేరు చెప్పరా" అని చెవి మెలిపెట్టాడు. మా వదినైతే మొదటిసారి ఆ పేరు విని నవ్వాపుకోలేక లోపలికి పరుగెత్తిందట. బ్యాంకుకు వెళ్లినా, ఆసుపత్రికి వెళ్లినా ఒకటే మాట: "వేళాకోళాలు తర్వాత, ముందు పేరు చెప్పండి." ఆయనకు కోపం రాదు, నాకొస్తుంది. లోకంలో వింత పేరు ఈయన ఒక్కడిదేనా? మా మేస్త్రీ పిన్నికి ఆరుగురు ఆడపిల్లల తర్వాత పుట్టిన కూతురి పేరే 'చాలు'. నాకు తెలిసిన దర్జీ పేరు ఆదివారం, అతని తమ్ముడు సోమవారం. మంగళవారం దాకా వాళ్ల నాన్నకు ఓపిక లేకపోయింది. ఆ పేర్లకు ఎంత నవ్వినా ఎవరి ప్రాణం మీదికీ రాదు. మా పని అలాంటిది కాదు.

స్తంభం ఎక్కాలంటే ముందు సబ్‌స్టేషన్‌లో కరెంటు ఆపించాలి. ఎక్కేవాళ్ల పేర్లు మేస్త్రీ ఫోన్లో చెబుతాడు. పని ముగిశాక అక్కడి ఆపరేటర్ ఒక్కో పేరే పిలుస్తాడు. పిలిచినవాడు నేల మీద నిలబడి, ఫోన్ అందుకుని, తన నోటితో "దిగాను" అనాలి. ఒకడి బదులు ఇంకొకడు పలకకూడదు. అందరూ పలికాకే స్విచ్ వేస్తారు. ఇది ఎవరూ రాసిపెట్టిన పద్ధతి కాదు గానీ, మేమంతా దాన్ని నమ్ముకునే పైకెక్కుతాం.

ఆ రోజు సబ్‌స్టేషన్‌లో కొత్త ఆపరేటర్ ఉన్నాడు. పొద్దున మేస్త్రీ నాలుగు పేర్లు చెప్పాడు. నాలుగోది వినగానే అవతల కిసుక్కున నవ్వడం నాకూ వినిపించింది. పట్టించుకోలేదు. ఆ పేరుకు నవ్వనివాడెవడు గనక?

మధ్యాహ్నానికి ముగ్గురం దిగాం. పొరపాటున కరెంటొచ్చినా పైనున్నవాడికి తగలకుండా తీగలను నేలకు కలిపే గొలుసు కూడా విప్పేశాం. అన్న ఒక్కడే ఇంకా చివరి స్తంభం మీద ఉండి, వేలాడుతున్న తీగ ముక్క కత్తిరిస్తున్నాడు. ఆయన దిగేలోగా మేం ముగ్గురం పలికేద్దామని మేస్త్రీ ఫోన్ చేశాడు. అది మాకు అలవాటే. నాలుగోవాడు పలికేదాకా పాత ఆపరేటర్ ఫోన్ పట్టుకునే కూర్చునేవాడు.

మేస్త్రీ పలికాడు. రెండోవాడు పలికాడు. నేనూ "దిగాను" అన్నాను.

"అయితే లైను ఇచ్చేస్తున్నా" అన్నాడు ఆపరేటర్.

"ఆగండి, ఇంకొకాయన పైనున్నాడు!"

"ఆ ఆవలింతేగా? పొద్దున్నే అర్థమైందిలే. కొత్తవాడినని నన్ను ఆటపట్టించకండి గురూ" అని పెట్టేశాడు.

మేస్త్రీ ఫోన్ లాక్కుని మళ్లీ చేశాడు. మోగుతోంది, ఎవరూ ఎత్తరు. వాడు ఫోన్ బల్ల మీద పెట్టి స్విచ్ దగ్గరికి నడుస్తూ ఉంటాడు. నేను చివరి స్తంభం వైపు పరుగెత్తాను.

"ఆవలింతన్నా! దూకు! కరెంటొస్తోంది!"

ఆయన కిందికి చూసి నవ్వాడు. ఆ పేరుతో రోజూ మేం చేసే అల్లరి అలాంటిది మరి. "నిద్రొస్తే నువ్వెళ్లి పడుకోరా, నాకింకా పనుంది" అని తీగ వైపు చేయి చాచాడు.

మళ్లీ అరవబోయాను. ఏడుపొచ్చేసింది. చేతులు జోడించి నడిరోడ్డు మీద చిన్నపిల్లాడిలా ఏడుస్తూ నిలబడ్డాను. నా ముఖం చూసి ఆయన నవ్వు ఆగిపోయింది. మారు మాట్లాడకుండా నడుముకున్న బెల్టు కొక్కెం తప్పించి, స్తంభాన్ని వదిలేశాడు. ఆయన నేల మీద పడ్డాడో లేదో, పైన తీగ గుయ్‌మంది.

తుంటి ఎముక విరిగింది, ప్రాణం దక్కింది. ఆసుపత్రిలో వదిన మంచం పట్టె పట్టుకుని ఒకటే ఏడుపు. "ఆ పేరు మార్చుకోండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

"పేరేం చేసిందే పాపం? వాడు పిలవలేదు, అంతే" అన్నాడాయన.

ఇక స్తంభం ఎక్కలేడు కాబట్టి ఆయన్ని సబ్‌స్టేషన్‌లో కూర్చోబెట్టారు. పేర్లు పిలిచేదీ స్విచ్ వేసేదీ ఇప్పుడు ఆయనే. కొత్తలో ఒకసారి సామాను కోసం అక్కడికి వెళ్లాను. అప్పుడే ఎక్కడో పని ముగిసినట్టుంది, ఫోన్లో పేర్లు పిలుస్తున్నాడు. ఐదుగురూ పలికారు. మళ్లీ మొదటి నుంచి పిలిచాడు. విసుక్కుంటూ పలికారు.

"పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడు ఎవడైనా పైనున్నాడేమో, ఒకసారి చూడండి నాయనా" అన్నాడు.

"ఎవరూ లేరన్నా, వేసెయ్" అన్నారు.

ఫోన్ పెట్టేసి స్విచ్ మీద చేయి వేశాడు. ఆ చేయి ఎంతసేపటికీ కదలదు.

"నువ్వు వెయ్యి తమ్ముడూ. నా వల్ల కావడం లేదు" అన్నాడు.

లేచి ఆయన పక్కకు వెళ్లాను. ఐదు గొంతులూ నా చెవులతో నేనూ విన్నాను. అయినా చేయి ముందుకు రాలేదు. ఆరోవాడొకడు పైనుంచి నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంది. ఇద్దరం అలాగే నిలబడిపోయాం. పక్క గదిలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, కరెంటు ఎప్పుడిస్తారని.