నా ఫోన్‌లో ఆమె పేరు

నాకో దురలవాటు ఉంది. ఏదైనా వస్తువు నచ్చితే పదిమందికి అంటగట్టేదాకా ఊరుకోలేను. కుక్కరు కొన్నా అంతే, మోకాళ్ల నూనె కొన్నా అంతే. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే చేసేవాళ్ల పేరు చూపించే ఆ ఉచిత యాప్ విషయంలోనూ అదే చేశాను.

నేను నారాయణఖేడ్‌లో ఆశా కార్యకర్తను. లాటరీ తగిలిందనీ, బ్యాంకు కార్డు ఆగిపోతుందనీ రోజూ వచ్చే ఫోన్లతో విసిగిపోయి ఉన్నాను. మీటింగులో తోటి కార్యకర్త ఆ యాప్ చూపించగానే అక్కడికక్కడే ఎక్కించుకున్నాను. నా నంబర్లన్నీ చూడనిస్తావా అని అది అడిగింది. సరే అని నొక్కాను. దొంగలను పట్టించేదాని దగ్గర నాకు దాచేదేముంది అనుకున్నాను. నా ఫోన్‌లో నావి కాని సంగతులు ఎన్ని ఉన్నాయో అప్పుడు తట్టలేదు. ఆ వారంలోనే మా గల్లీలో సగం ఫోన్లలో నా చేత్తో నేనే ఎక్కించాను.

మా దగ్గర ఒకే పేరు గలవాళ్లు గల్లీకి నలుగురు. చర్చికి వెళ్లే ఇళ్లలో అయితే మరీను. అందుకే నంబర్లను పేరుతో కాక గుర్తుతో రాసుకుంటాం: బర్రెలామె, మిషన్ కుట్టే అక్క, రెండో కాన్పు. బస్ డిపో వెనక ఉండే ఒకామెకు ఆరు నెలలు నేనే క్షయ మందులు ఇచ్చాను. ఆమెను ‘టీబీ, డిపో ఎన్క’ అని రాసుకున్నాను. జబ్బు పూర్తిగా తగ్గిందని దవాఖానలో చెప్పారు. నేను ఆ పేరు మాత్రం మార్చలేదు.

ఆమె ఏటా చెరుకు కొట్టడానికి కర్ణాటక వైపు వెళ్లేది. జబ్బు తర్వాత ఆ మోపులు మోయలేనని భయపడింది. ఊళ్లో ఒక ప్రైవేటు హాస్టల్లో వంటమనిషి కావాలని తెలిసి నేనే పంపించాను. వార్డెనమ్మ ఒక పూట వండించి చూసి, సోమవారం నుంచి రమ్మంది. ఎన్నింటికి రావాలో కనుక్కుందామని ఈమె ఆదివారం వార్డెనమ్మకు ఫోన్ చేసింది.

సోమవారం పొద్దున్న ఆమె మా ఇంటి ముందు నిలబడి ఉంది.

“అక్కా, వద్దన్నది. నీకు గా బీమారి ఉన్నదట గదా, పిల్లలకెట్ల వండుతవ్ అన్నది. ఎవలు చెప్పిన్రు అంటే ఫోన్ జూపెట్టింది. నా నంబర్ కాడ టీబీ అని ఉన్నది. ఎట్లొచ్చింది?”

దవాఖానలో ఎవరో నోరు జారి ఉంటారని తిట్టిపోశాను. మా ఆయన దగ్గర ఆమె నంబరు లేదు, యాప్ ఉంది. అనుమానమొచ్చి ఆ ఫోన్‌లో ఆమె నంబరు కొట్టి చూశాను. ‘టీబీ, డిపో ఎన్క’ అని వచ్చింది. ఆ మాటలు నావే. హాస్టల్ పిల్లలకు ఐరన్ గోలీలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు వార్డెనమ్మ ఫోన్‌లో యాప్ ఎక్కించిందీ నేనే.

దాచకుండా చెప్పాను. నేను రాసుకున్న పేర్లన్నీ ఆ యాప్ తీసుకుని అందరికీ చూపిస్తోందని. ఆమెకు సగమే అర్థమైంది. ఆ సగమే చాలు.

“ఆరు నెలలు గోలీలు సంచిల దాసి తెస్తివి. పక్కింటోళ్లకు గూడ తెల్వనియ్యలే,” అంది. నన్ను తిట్టి ఉంటే కాస్త తేలికపడేదాన్ని.

దవాఖాన కాగితాలు పట్టుకుని వార్డెనమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె చెడ్డమనిషేం కాదు. “తగ్గిందని నాకు సమజైందమ్మా. రేపు తల్లిదండ్రుల ఫోన్లల్ల గిదే వస్తే వాళ్లకేం చెప్పాలె?” అంది. ఇంటికొచ్చి పేరు మార్చాను, యాప్ తీసేశాను, తుడిచేయమని యాప్ వాళ్లకు రాశాను. మా ఆయన ఫోన్‌లో మాత్రం ఆ పేరు చాలా రోజులు వస్తూనే ఉంది. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

నెలాఖరున ఆమె చెరుకు లారీ ఎక్కింది. కొత్త సిమ్ తీసుకుందని తెలిసి లారీ దగ్గరికి వెళ్లాను. దగ్గు మళ్లీ వస్తే నాకు చెప్పాలి కదా అని నంబరు అడిగాను.

ఆమె పైనుంచి నా చేతిలోని ఫోన్ వైపు చూసింది.

“ఏమని రాస్కుంటవ్ అక్కా?”

నేను నోరు తెరిచేలోపే మొహం అటు తిప్పుకుంది. నంబరు చెప్పలేదు.