మావారు డాక్టరుకు చెప్పని సీసా

ఆ శనివారం ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్స్ నుంచి ఆటోలో గుడికి బయలుదేరాం. దారిలో మావారు రెండుసార్లు ఆటో ఆపించి గోడచాటుకు వెళ్ళొచ్చారు. మూడోసారి ఆటో అతను నవ్వాడు. "అంకుల్‌జీ, షుగర్ హై క్యా?" షుగరుందా అని. మావారు నవ్వలేదు. ఎంతసేపు నిలబడ్డా ధార సరిగ్గా రావడం లేదని గుడి మెట్ల దగ్గర నాతో మెల్లగా చెప్పారు.

అప్పటికి ఆయనకు యాభై ఆరు. నీరసంగా ఉంటోందంటే ఆఫీసు స్నేహితుడొకరు విదేశాల నుంచి క్యాప్సూల్స్ తెప్పించి ఇస్తుండేవారు. నేను బడికి వెళ్ళలేదు, నాన్నగారు ఇంట్లో నేర్పిన చదువే. సీసా మీద టెస్టోస్టెరాన్ అని కూడబలుక్కుని చదివాను.

"ఇదేం మందండీ?"

"మందు కాదే, బలానికి. మగవాళ్ళ విటమిన్ అనుకో."

రోజూ కాఫీతో పాటు నేనే అందించేదాన్ని.

మూత్ర సమస్యలు చూసే యూరాలజీ ఓపీడీకి వెళ్ళినప్పుడల్లా నన్ను బయట బెంచీ మీద కూర్చోమనేవారు. "లోపలన్నీ మగాళ్ళ గొడవలు. నువ్వెందుకు?" నాకూ సిగ్గే. దేవుడి నామం చెప్పుకుంటూ కూర్చునేదాన్ని. వయసుకు మగవాళ్ళలో ప్రోస్టేట్ గ్రంథి పెరగడం మామూలేనని మాత్రలు రాశారట. వేరే మందులు వాడుతున్నారా అని అడిగితే, బీపీ మాత్ర ఒక్కటే అన్నారట ఈయన. ఇది నాకు తర్వాత తెలిసింది. క్యాప్సూల్స్ మరో ఎనిమిది నెలలు నడిచాయి.

అప్పుడు నడుంనొప్పి మొదలైంది. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ అనే రక్తపరీక్షలో అంకె చాలా ఎక్కువ వచ్చింది. బయాప్సీ, బోన్ స్కాన్ చేశారు. రిపోర్టుల రోజు డాక్టరుగారే నన్ను లోపలికి పిలిచారు. ప్రోస్టేట్ క్యాన్సర్, ఎముకలకు పాకిందన్నారు. ఇంట్లో ఇంకేమైనా మందులు వాడారా అని హిందీలో మళ్ళీ అడిగారు. మావారు తల అడ్డంగా ఊపారు. నా నోరు ఆగలేదు.

"ఒక సీసా ఉంది, డాక్టర్ సాబ్."

"ఏమే!" అన్నారు మావారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

సీసా మీద చదివిన పేరు చెప్పాను. వినగానే డాక్టరుగారు కలం పక్కన పెట్టారు. "దీనివల్లే వచ్చిందని చెప్పలేను. కానీ లోపల క్యాన్సర్ ఉంటే ఈ హార్మోన్ దానికి మేత కావచ్చు. మొదలుపెట్టే ముందే పీఎస్ఏ చూడాలి. మొదటిరోజే చెబితే అప్పుడే ఆపించి టెస్టులు చేసేవాణ్ణి."

ఇక ఆ హార్మోన్‌ను ఒంట్లో తయారు కానివ్వని ఇంజెక్షనే వైద్యమన్నారు. పీఎస్ఏ దిగింది, నొప్పి తగ్గింది. ఆరు నెలలు మళ్ళీ నడిచి గుడికి వచ్చారు. ఆ ఇంజెక్షన్ వల్ల, ముట్లుడిగే వయసులో నాకు పట్టినట్టే, డిసెంబరు చలిలో ఒళ్ళంతా చెమటలు పట్టేవి. "మీ ఆడవాళ్ళ కష్టం ఇప్పుడు తెలిసిందే" అని నవ్వేవారు.

తర్వాత పీఎస్ఏ మళ్ళీ పెరిగింది. కీమో తట్టుకోలేకపోయారు. ఒక మధ్యాహ్నం నేను ఏడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "నిన్ను బయట కూర్చోమన్నది నేనే కదే. నీ తప్పేముంది?" అన్నారు. జబ్బు బయటపడ్డ రెండేళ్ళకు వెళ్ళిపోయారు.

ఇప్పుడు నోయిడాలో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఆ ఆరు నెలలు ఇచ్చినందుకు దేవుడికీ, నొప్పి తెలియకుండా సూది వేసిన నర్సమ్మకూ రోజూ దణ్ణం పెట్టుకుంటాను. బయట కూర్చుని దేవుడితో అన్ని మాటలు చెప్పుకున్నాను. లోపల చెప్పాల్సింది ఒక్క మాట. అది సమయానికి చెప్పలేదు.

అక్కలారా, మీవారితో మీరూ డాక్టరు గదిలోకి వెళ్ళండి. ఇంట్లో వాడే ప్రతి సీసా, బలానికన్నదైనా సరే, సంచిలో వేసుకెళ్ళి బల్ల మీద పెట్టండి. ఆయన కసురుకుంటారు. కసురుకోనివ్వండి. కసురుకోవడానికి మనిషంటూ ఉండాలి కదా.