మందు తిన్న పురుగులు

మొన్న వంటింట్లో బొద్దింకల మందు కొడుతుంటే, ఆ ఘాటుకు చిన్నప్పటి నా తాబేలు గుర్తొచ్చింది. గోదావరిఖనిలో మా క్వార్టర్ వెనక నీళ్ల గోలెంలో దాన్ని పెంచేదాన్ని. గడ్డిలో మిడతల్ని పట్టి పెట్టేదాన్ని. ఒకరోజు దోమల మందు కొట్టిపోయాక, గోడ వారన పురుగులు రాలిపడ్డాయి. వెంటబడే పని తప్పిందని సంబరంగా ఏరి పెట్టాను. తెల్లారినా తాబేలు తల బయటికి తీయలేదు.

"మందు కొట్టిన పురుగులు ఎందుకు పెట్టినవ్ బిడ్డా?" అంది అమ్మ.

"మందు మంచిదే గదమ్మా!" అన్నాను.

 

అప్పుడే నైట్ షిఫ్టు నుంచి వచ్చిన మా బాపు, దవాఖానలో ఇచ్చిన దగ్గుమందు తాగి దుప్పటి ముసుగేసుకున్నాడు. ఆయన తల బయటపెట్టి "ఏంది బిడ్డా, బడికి పోలేదా?" అనేదాకా నేను మంచం పక్కనుంచి కదల్లేదు.