ఆకుల కాలంలో అమ్మ వేసిన మొదటి సూదులు

మా చిన్నప్పుడు... బీడీలు చుట్టే తునికాకు కాలం వచ్చిందంటే తెల్లారేసరికి ఊళ్లో కుక్కలూ కోళ్లూ తప్ప ఎవరూ ఉండేవాళ్లు కాదు. టేకులపల్లి అవతల, అడవి అంచున మా ఊరు. చీకటుండగానే గంజి తాగి, నడుముకు గుడ్డ కట్టుకుని అందరం ఆకు కోయడానికి పోయేవాళ్లం.

ఆ ఏడు మా ఇంట్లోంచి అమ్మ మాత్రం రాలేదు. అమ్మ నర్సు అయింది మరి...

పెళ్లికి ముందు పది చదివింది. మేం బడికి పోయే వయసులో తనూ మళ్లీ పుస్తకాలు పట్టింది. ఖమ్మంలో రెండేళ్లు ట్రైనింగ్ చేసి, నలభైకి దగ్గర పడుతుండగా ఉద్యోగం తెచ్చుకుంది. నాయనమ్మకు అది నచ్చలేదు. "బిడ్డ బడికి, తల్లి బడికి... ఇగ ఆకు నేనొక్కదాన్నే గొయ్యాల్నా?" అనేది. నాయన మాత్రం వంట నేర్చుకున్నాడు.

అంతకు ముందటేడు ఊళ్లో తట్టు పోసి ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఈసారి ఏ పసిబిడ్డకూ సూది తప్పకూడదని అమ్మ పట్టుదల. మొదటి టీకాల రోజు తెల్లచీర కట్టుకుని, మందులున్న ఐసు డబ్బాతో, పొద్దున పదింటికి బడి అరుగు మీద కూర్చుంది.

ఎండెక్కాక మేం ఆకు మోపులతో తిరిగొస్తుంటే... ఇంకా ఒక్కతే కూర్చుని ఉంది.

నాయనమ్మ మోపు దించకుండానే ఆగింది.

"ఏందే పద్మా, ఈగలకు సూదులేస్తున్నవా?"

"ఆకుల పొద్దని యాదికే రాలే అత్తా..."

"ఇన్నేండ్లు ఆకు గోసినదానివి! ఖమ్మం నీళ్లు తాగంగనే అడివి మర్సినవా?"

వెనకున్న ఆడవాళ్లంతా నవ్వారు. నవ్వారు గానీ ఎవరూ ఆగలేదు. కోసిన ఆకు వాడకముందే కట్టలు కట్టాలి, సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. ఆకు కట్టలు కొనేది అక్కడే. అమ్మ డబ్బా మాత్రం పొద్దుగూకేలోపు దవాఖానాకు తిరిగిపోవాలి. మందులు అట్లాగే వెనక్కి పోతే పిల్లల సంగతి మళ్లీ మొదటికొచ్చినట్టే...

అమ్మ లేచింది. డబ్బా పట్టుకుని కల్లం దగ్గరికి నడిచింది. కట్టలు లెక్కపెట్టే కల్లేదారును అడిగి, ఆయన మంచం చెట్టు నీడకు లాక్కుంది.

సాయంత్రం కట్టలు నెత్తిన, పిల్లలు చంకన... అందరూ అక్కడికే వచ్చారు. అయినా ఎవరూ మంచం దగ్గరికి రాలేదు. పక్కింటి ముత్తమ్మ పిన్ని అసలు మాట బయటపెట్టింది.

"సూదేస్తే పిలగానికి జరమొస్తది. రేపు పొద్దుగాల అడివికెట్ల పోవాలె అక్కా?"

"నా దగ్గర ఇడిసి పో."

"ఆకలికి ఏడిస్తే?"

"జావ తాపుత. పొద్దెక్కంగనే రావా నువ్వు?"

"నీ తెల్లచీర ఖరాబైతది మల్ల..."

"ఉతుక్కుంట తియ్. ఇటియ్యి వాన్ని."

పిన్ని పిల్లాణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, ముఖం పక్కకు తిప్పుకుంది. వాడు పెట్టిన కేకకు కల్లేదారు లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ నవ్వుల్లోనే రెండో బిడ్డ వచ్చింది, మూడో బిడ్డ వచ్చింది... సూది పడని పసిబిడ్డ ఊళ్లో మిగల్లేదు.

మర్నాడు చీకటితోనే మా అరుగు నిండిపోయింది. ఒళ్లు వెచ్చబడిన పిల్లలు, ముక్కులు కారే పిల్లలు, వాళ్లతో వచ్చిన అక్కలు... నాయనమ్మ గొణుక్కుంటూనే దూలానికి పాత చీరలతో రెండు ఉయ్యాలలు కట్టింది. "నీ దుకాణం నువ్వే సూసుకో" అని అడవికి పోయింది. అమ్మ ఆ రోజు తెల్లచీర కట్టలేదు.

ఆ తర్వాత ఏటా ఆకుల కాలంలో సూదులు కల్లం దగ్గరే.

ఇప్పుడు అమ్మ రిటైరైంది. ఊరికి తారురోడ్డు వచ్చింది. ఆకుకు పోయేవాళ్లూ తగ్గారు. పిల్లలకు ఒళ్లు వెచ్చబడితే బండి మీద ఎక్కించుకుని దవాఖానాకు పోతున్నారు... మంచిదే.

ఆకుల కాలంలో అమ్మ ఇంకా చీకటితోనే లేచి అరుగు ఊడుస్తుంది. బిడ్డను అక్కడ దించి, వెనక్కి చూడకుండా అడవికి పోయే తల్లులే ఇప్పుడు లేరు...

మీ చిన్నప్పుడు మీ అమ్మ మిమ్మల్ని ఎవరి అరుగు మీద దించి పనికి పోయేది?