భోజనం పెట్టినాయన కారుకి తుప్పు

మా ఆవిడ లెక్కల టీచరు. ఉప్పాడ దాటాక ఉన్న ఒక హైస్కూలుకి బదిలీ అయింది. కాకినాడలో మా ఇంటి నుంచి ఆ బడికి వెళ్లే బీచ్ రోడ్డుని ప్రతి తుఫానుకీ సముద్రం కొంచెం కొరుక్కుతింటుంది. అది తినగా మిగిలిన రోడ్డు మీద ఏడాదిపాటు స్కూటీ నడిపేసరికి ఆవిడ వెన్నుపూసలన్నీ ఒకదాని చోట ఒకటి కాపురం మార్చేశాయి. వేసవి సెలవులిచ్చిన మర్నాడే ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూసి, "ఇంకోసారి స్కూటీ ఎక్కారంటే నా దగ్గరికి మంచంతో సహా వస్తారమ్మా" అన్నాడు. అంటే బడి తెరిచేలోగా కారు కొనాలి. లేదంటే ఆవిడ సెలవు పెట్టాలి. తొమ్మిదిలో తను చెప్పిన పిల్లలే ఈ ఏడు పదికొస్తున్నారు. వాళ్లని వదిలి సెలవు పెట్టే ఉద్దేశం ఆవిడకి సుతరామూ లేదు.

"కొత్తది, చిన్న కారు తీసుకుందామండి" అంది.

అది తెలివైన మాట. అందుకే నేను ఒప్పుకోలేదు. మంచి సెకండ్ హ్యాండ్ కారు ఏరుకొస్తానన్నాను. వారం రోజులు తిండీ నిద్రా మానేసి ఫోనులో వీడియోలు చూశాను. ఎనిమిదో రోజుకి, తుప్పు విషయంలో నన్ను మించిన పండితుడు భూమండలంలో లేడని నాకు స్పష్టమైంది. పాత స్పీకరు ఒకటి పగలగొట్టి, అందులోని అయస్కాంతం తీసి రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాను. అసలు రేకు ఉన్నచోట అది అతుక్కుంటుంది. తుప్పు గీకి, లప్పం పూసి, రంగేసి కప్పెట్టిన చోట జారిపోతుంది. ఇంత సులువైన విద్య.

మొదటి కారు ఉప్పాడలోనే దొరికింది. చీరల షాపాయనది. దూరం నుంచి పెళ్లికూతురులా మెరుస్తోంది. తలుపు మీద అయస్కాంతం పెట్టాను. అది క్షణం కూడా ఆలోచించకుండా జారి ఇసకలో పడింది. ఇంకో తలుపు మీద పెట్టాను. మళ్లీ ఇసకలోనే. ఆ కారులో ఇనుము కన్నా లప్పమే ఎక్కువ; అంత లప్పంతో మా వీధిలో ఇళ్లన్నిటికీ సున్నాలు వేయొచ్చు. చక్రం పైన రంగు పొక్కులు లేచిన చోట వేలితో నొక్కితే, వేలు కణుపుదాకా లోపలికి పోయింది. తీసి చూసుకుంటే పారాణి పెట్టుకున్నట్టుంది.

"ఉప్పుగాలి కదండి, ఇక్కడ ఏ కారైనా అంతేనండి" అన్నాడాయన తాపీగా.

ఆయన నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. కాబట్టి హాయిగా "వద్దండి" అని చెప్పేసి వచ్చాను. సముద్రం చూసిన కారు వద్దే వద్దని ఆ రోజే తీర్మానం చేశాను.

తర్వాత కడియంలో ఒక నర్సరీ ఆయన కారుందని తెలిసింది. సముద్రానికి దూరం, చుట్టూ మొక్కలు, పూలు. అలాంటి చోట పెరిగిన కారుకి ఆరోగ్యానికేం లోటు? మా ఆవిడతో కలిసి బస్సులో వెళ్లాను. పదకొండింటికి చేరాం. అదే నేను చేసిన తప్పు. మా జిల్లాల్లో పదకొండింటికి గుమ్మం ఎక్కిన మనిషిని భోజనం పెట్టకుండా దింపరు.

"కారెక్కడికి పోతుందండి? ముందు భోంచేద్దురుగాని, రండి" అన్నాడాయన.

పనసపొట్టు కూర, మామిడికాయ రొయ్యలు, నాటుకోడి, ముద్దపప్పు, కొత్తావకాయ. పెరుగు గరిటెతో వేస్తే పడేది కాదు, కత్తితో కోసి వేయాల్సిన పెరుగు. ఆయన భార్య నా వెనకే నిలబడి, "బొత్తిగా తినట్లేదండి అన్నయ్యగారు" అంటూ నలుగురు మనుషుల తిండి నా ఒక్కడి విస్తట్లో వేసింది. చేయి కడుక్కుని, పొట్టని ముందు నడిపిస్తూ దాని వెనక నేను కారు దగ్గరికి చేరాను.

పైపైన చూస్తే బాగానే ఉంది. అయస్కాంతం అన్ని తలుపులకీ అతుక్కుంది. ఆయన స్వయంగా డిక్కీ తెరిచాడు. వీడియోలో చెప్పినట్టే కార్పెట్ ఎత్తి, స్టెప్నీ పక్కకి జరిపి, అది కూర్చునే గుంటలోకి వంగి చూశాను. నాకు పచ్చగడ్డి కనపడింది. గడ్డి మీద నడుస్తున్న చీమ కూడా కనపడింది. డిక్కీలో ఏళ్ల తరబడి తడిమట్టి సంచుల్తో మొక్కలు మోశారన్నమాట. నీళ్లు కారీ కారీ అడుగున పళ్లెమంత కన్నం పడింది.

నిటారుగా లేచి వెనక్కి తిరిగాను. ఎదురుగా ఆయన, పక్కన తమలపాకులు, వక్కల పళ్లెంతో ఆయన భార్య.

"చూశారా అండి?" అన్నాడాయన.

నా కడుపులో ఆయన పెట్టిన రొయ్యలు ఇంకా సర్దుకోనేలేదు.

"బాగుందండి" అన్నాను.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను చూడలేదు.

"నచ్చినట్టేనా అండి?"

"చాలా బాగుందండి."

మా ఆవిడకి బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క, ఒక మల్లెమొక్క చేతికిచ్చారు. ఎప్పుడు తీసుకెళ్తారని అడిగితే, మంచిరోజు చూసుకుని చెప్తానన్నాను.

బస్సులో మా ఆవిడ ఒళ్లో మల్లెమొక్క పెట్టుకుని అడిగింది. "ఏం కనపడిందండి లోపల?"

"గడ్డి."

"కారులోనా?"

"కారు కింద."

"మరి బాగుందని ఎందుకన్నారు?"

"ఆవిడ చేత్తో వేసిన పెరుగు తిని, మీ కారుకి చిల్లు పడిందని ఎలా చెప్పమంటావు?"

"నోటితో" అంది మా ఆవిడ.

మూడు రోజులకొకసారి కడియం నుంచి ఫోను వచ్చేది. నేను పంచాంగం ముందేసుకుని మాట్లాడేవాణ్ని. ఒకసారి అష్టమి, ఒకసారి నవమి, ఇంకోసారి మూఢం, అవేమీ దొరకనప్పుడు మా మేనత్త ఆడపడుచు గారికి జ్వరం. ఇలా రెండు వారాలు గడిచాయి. ఈలోగా మా ఆవిడ కొత్త కారు చూడ్డానికి వెళ్దామంటే, ఒకాయనకి మాటిచ్చి ఇంకోచోటికి ఎలా వెళ్తామన్నాను. మర్యాద అనేది నడుము కన్నా గట్టిదని నా నమ్మకం. నడుము నాది కాదు మరి.

బడి తెరవడానికి తొమ్మిది రోజులున్నాయనగా మా ఆవిడ నడుముకి బెల్టు బిగించుకుని స్కూటీ తీసింది. వీధి చివరి స్పీడ్ బ్రేకరు దాకా వెళ్లి వచ్చేసింది. బండి స్టాండు వేయలేక గోడకి ఆనించి, మెట్టు మీద కూర్చుంది. చెయ్యి చాపి నా ఫోను అడిగింది.

స్పీకరు పెట్టి మాట్లాడింది. నేను వంటింట్లోకి పోయి తలుపు చాటున నిలబడ్డాను.

"అన్నయ్యగారూ, మొన్న కాకినాడ నుంచి వచ్చామండి. మీ కారు డిక్కీ అడుగు తుప్పు పట్టి ఊడిపోయిందండి. మాకొద్దండి. ఏమీ అనుకోకండి."

అవతల నుంచి రెండు మైళ్ల పొడవున ఒక నిట్టూర్పు.

"బతికించారమ్మా! ఆ కన్నం చూపించి చెబుదామనే నేను డిక్కీ తెరిచాను. బావగారు తలకాయంతా అందులో పెట్టి చూసి కూడా బాగుంది బాగుంది అంటుంటే, ఇంటికొచ్చిన మనిషి మాట కాదనలేకపోయాను. ఇచ్చేసి ఆ ఉసురు ఎలా మొయ్యాలా అని నాకు నిద్ర పట్టట్లేదమ్మా. అందుకే ఫోను మీద ఫోను, మీరే వద్దంటారేమోనని!"

రెండు వారాలు. ఇద్దరు మొగాళ్లం ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటూ రెండు వారాలు కూర్చున్నాం.

ఆ సాయంత్రమే షోరూముకి వెళ్లాం. టై కట్టుకున్న కుర్రాడు సన్‌రూఫ్ తెరిచి చూపించాడు. "మన ఎండని కారులోకి కూడా పిలవాలా బాబూ?" అంది మా ఆవిడ. పాటలు, కెమెరాలు, రంగులు ఏవీ చూడలేదు. ఉన్న చిన్న కార్లన్నిట్లోనూ స్టీరింగు ముందు పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుంది. తర్వాత తలుపు పట్టుకోకుండా దిగగలదో లేదో చూసుకుంది. చివరికి సీటు కాస్త ఎత్తుగా ఉండి, ఏ హంగూ లేని ఒకదాంట్లోంచి తేలిగ్గా దిగి, "ఇది" అంది. అడుగున తుప్పు పట్టకుండా పూత వేస్తారా, ఎన్ని పొరలు, చక్రాల పైన కూడానా అని నేను ముప్పావుగంట ప్రశ్నించాను. వేస్తామండి అన్నాడు.

"ఎప్పటికి వస్తుంది?" అంది మా ఆవిడ.

"నెలన్నర పడుతుందండి. పోయిన వారమైతే ఇదే మోడల్ ఒకటి రెడీగా ఉందండి. తుని వాళ్లు పట్టుకెళ్లిపోయారు."

మా ఆవిడ నన్నేమీ అనలేదు. ఫారం తీసుకుని సంతకం పెట్టింది. ఏమైనా అని ఉంటే దారంతా వాదించుకుంటూ ఇంటికెళ్లేవాణ్ని. ఆ సదుపాయం కూడా లేకుండా చేసింది.

బడి తెరిచిన రోజున ఆవిడ సెలవు చీటీ పట్టుకుని నేనే బస్సులో వెళ్లాను. హెడ్మాస్టరు గారు చీటీ రెండుసార్లు చదివారు.

"నెల పైనేనా అండి? మరి పదో తరగతికి లెక్కలెవరు చెప్తారండి?"

అని, చాలా ఆశగా నా మొహంలోకి చూశారు.

"నాకు లెక్కలు రావండి" అన్నాను.