నాయనమ్మ డిస్కుకు నేను పెట్టిన బొట్టు

మా చిన్నప్పుడు... కారులో పాటల డిస్కు పెట్టాలంటే నాన్న ముందు చేతులు కడుక్కుని రమ్మనేవాడు.

అంచులే పట్టుకోవాలి. మెరిసే వైపు వేలు తగలకూడదు. ఎండలో డాష్‌బోర్డు మీద వదిలేయకూడదు. తుడిస్తే మధ్యలోంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా కాదు... ఇంత మడి మా దేవుడి గదికి కూడా ఉండేది కాదు.

అలాంటి ఇంట్లో పుట్టి, అన్నిటికన్నా విలువైన డిస్కుకు కుంకుమ పూసిన ఘనత నాది.

అందులో మా నాయనమ్మ గొంతు ఉంది. చిన్నత్త పెళ్ళి నాటికి తాను ఉండనని ఆవిడకు తెలిసిపోయింది. అందుకే అప్పగింతల పాట ముందే పాడి క్యాసెట్‌లో రికార్డు చేయించింది. మూడు చరణాలు... చరణానికోసారి "నర్సమ్మా" అని కూతుర్ని పేరు పెట్టి పిలుస్తుంది.

నాన్న దాన్ని మా పక్క పట్టణం తెలుక్ ఇంటాన్‌లో ఒక షాపులో ఇచ్చి డిస్కు చేయించాడు. తర్వాత క్యాసెట్‌కు బూజు పట్టి టేపు తెగిపోయింది. నాయనమ్మా పోయింది. మిగిలింది ఆ డిస్కు ఒక్కటే.

చిన్నత్త దాన్ని ఒక్కసారి కూడా వినలేదు. "పెళ్ళిలోనే ఇంటాను... అమ్మ ఆ రోజు కోసం పాడినాది" అనేది.

పెళ్ళి మరో ఊళ్ళో, హుటాన్ మెలింటాంగ్‌లో, ఒక హాలులో. పెళ్ళివారంతా ముందే వెళ్ళిపోయారు. డిస్కు తీసుకుని మేం ముగ్గురం పొద్దున్నే బయలుదేరాం. అమ్మ కారు స్టీరింగుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. తడి కుంకుమ గిన్నె నా చేతికిచ్చి తాళం వేయడానికి వెళ్ళింది.

సీటు మీద డిస్కు కనబడింది. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. నాయనమ్మ నుదుట ఎప్పుడూ ఇరవై సెన్ల నాణెమంత బొట్టు ఉండేది. కారుకు బొట్టు పెట్టి, పెళ్ళికొస్తున్న నాయనమ్మకు పెట్టకపోతే ఎలా? రాత ఉన్న వైపు వీపు అనీ, అద్దంలా మెరిసే వైపు మొహం అనీ అనుకున్నాను. మధ్య కన్నం పక్కనే చక్కగా బొట్టు పెట్టి, మళ్ళీ కవరులో పెట్టేశాను.

దారిలో నాన్నకు అనుమానం వచ్చింది... అక్కడికెళ్ళాక పాడకపోతే? ఒకసారి చూసుకుందామని డిస్కు తీశాడు. అంచులు పట్టుకోవడంలో ఉన్న శ్రద్ధ కింది వైపు చూడటంలో లేదు. లోపలికి తోసేశాడు.

నాయనమ్మ గొంతు ఇలా మొదలై అలా ఆగిపోయింది. టక్... టక్... టక్...

నాన్న కారు పక్కకు ఆపాడు. డిస్కు బయటికి రావడానికి బటన్ నొక్కాడు. లోపల గిర్రుమంది. రాలేదు. మళ్ళీ నొక్కాడు. రాలేదు.

ఎవరూ నన్నేమీ అడగలేదు. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎర్రటి వేలు పావడా కింద దాచుకున్నాను.

"ఈ పిన్నీసెట్టి లాగితే రాదేటి?" అంది అమ్మ.

"వద్దు లా! గీత పడితే ఏటి మిగులుద్ది? అమ్మ గొంతు పోద్ది!"

ఇక ఉండబట్టలేక ఏడ్చేశాను.

"నేనే నాన్నా... నాయనమ్మకి బొట్టెట్టినాను."

"ఎక్కడెట్టినావు?"

"మొహానికి..."

దెబ్బ పడుతుందని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. పడలేదు. కళ్ళు తెరిచేసరికి నాన్న తన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఇంక ఎవులూ ఆ బటను ముట్టకండి" అన్నాడు. అంతే. ఇంజన్ ఆపితే, లోపల ఇంకా తిరుగుతున్న డిస్కు మళ్ళీ కదులుతుందో లేదోనని భయం. హాలు చేరాక కూడా ఆపలేదు. కారును పక్క గుమ్మం దాకా తెచ్చి తలుపులన్నీ తెరిచాడు. అప్పగింతల వేళకు మైకు తెచ్చి కారు స్పీకరు ముందు పెట్టించి, పాట మళ్ళీ మొదట్నుంచి వేశాడు. నేను వెనక సీట్లో ముడుచుకుని, తెలిసిన దేవుళ్ళందరికీ దండాలు పెడుతున్నాను.

పాట మొదలైంది. మొదటి చరణం... సరిగ్గా పేరు దగ్గర టక్ మని ఎగిరిపోయింది. చిన్నత్త తల వంచుకునే ఉంది. రెండో చరణం... పేరు రాబోతోంది... మళ్ళీ టక్. వాళ్ళమ్మ పిలుపు నా వేలితో నేనే చెరిపేశాను.

మూడో చరణం. బొట్టు అక్కడిదాకా పాకలేదు కాబోలు... ఎక్కడా తెగలేదు. నాయనమ్మ నిండుగా, పెరట్లోంచి పిలిచినట్టు పిలిచింది. "నర్సమ్మా..."

చిన్నత్త దిగ్గున తలెత్తింది. తాను పెళ్ళికూతురన్నది మరిచిపోయింది. ఇంట్లో ఏ మూల ఉన్నా ఎప్పుడూ పలికినట్టే పలికింది.

"వత్తన్నానమ్మా!"

అప్పుడు హాలులో ఏడవనివాళ్ళు లేరు.

తర్వాత వారం రేడియోలు బాగుచేసే ఆయన మరలు విప్పి డిస్కు తీసిచ్చాడు. నాన్న తడి గుడ్డతో, మధ్యలోంచి అంచుకు, ఎంతో నెమ్మదిగా తుడిచాడు. మూడు పిలుపులూ తిరిగొచ్చాయి. నన్ను తిట్టలేదు. ఒక్కసారైనా తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు నేను సైబర్‌జయలో ఉంటున్నాను. నా కారులో డిస్కు పెట్టే చోటే లేదు. నాయనమ్మ పాట ఫోన్‌లో ఉంది, ఎక్కడా తెగకుండా పాడుతుంది. వెనక సీట్లో మా అమ్మాయి వింటుంది. దానికి తెలుగు అర్థమవుతుంది, నోటికి మాత్రం రాదు. నేను పిలిస్తే, ఇక్కడి అందరిలా మాట చివర లా తగిలించి "కమింగ్ లా!" అంటుంది. రావడమైతే వస్తుంది, తప్పు పట్టను... కానీ "వత్తన్నానమ్మా" అని పలికే గొంతు మా ఇంట్లో ఇక లేదు.

మీ ఇంట్లో అమ్మ పిలిస్తే మీరేమని పలికేవారు? ఒక్కసారి పైకి అని చూసి... ఇక్కడ రాయండి.